చీకటి గుహ దాటించే కొలువు

ఆస్ట్రేలియా తూర్పు తీరంలో సిడ్నీకీ, బ్రిస్బేన్‌కీ దాదాపు మధ్యన సౌత్ వెస్ట్ రాక్స్ అనే చిన్న ఊరుంది. దాని పక్కనే స్మోకీ కేప్ అనే కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడలో వెళ్తూ అక్కడ పొగ లేవడం చూసి పెట్టిన పేరది. ఆ కొమ్ముకు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో నీళ్లలోంచి ఒక బోడిరాయి లేస్తుంది. దాన్ని ఫిష్ రాక్ అంటారు. ఆ రాయి కడుపులో ఈ పక్క నుంచి ఆ పక్కకు 125 మీటర్ల పొడవున ఒక గుహ ఉంది. దానికి ఒక ద్వారం 24 మీటర్ల లోతున, రెండోది 12 మీటర్ల లోతున ఉంటాయి. ఎక్కడెక్కడి డైవర్లో ఆ గుహ దాటడానికే ఆ ఊరు వస్తారు. వాళ్లను లోపలికి తీసుకెళ్లి అవతలి ద్వారం నుంచి క్షేమంగా బయటికి తేవడం కొందరికి రోజువారీ ఉద్యోగం. అలాంటి ఉద్యోగంలోకి రావాలనుకునే మన పిల్లల కోసమే ఈ వ్యాసం.

అడిగేవాళ్లు రకరకాలుగా ఉంటారు. అండమాన్ వెళ్లి ఒక్కసారి మునిగొచ్చి, మళ్లీ హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చోలేకపోతున్నవాళ్లు. రుషికొండ బీచ్‌లో ఈత నేర్పుతూ, తర్వాత ఏం చేయాలా అని చూస్తున్నవాళ్లు. వేట గిట్టుబాటు కాక పిల్లల్ని వేరే దారి పట్టించాలనుకునే మత్స్యకార కుటుంబాలవాళ్లు. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో చదువుతూ పార్ట్‌టైమ్ పని వెతుక్కుంటున్న విద్యార్థులు. అందరూ మొదట అడిగేది ఒకటే: ఎంత ఈత రావాలి? ఈత రావాలి, నిజమే. అయితే ఈ పనిలో జీతం దక్కేది అతిథుల్లో ఎవరిని లోపలికి తీసుకెళ్లాలో, ఎవరిని గుహ ముఖం దగ్గరే వెనక్కి తిప్పాలో తేల్చగల విచక్షణకు. దీన్ని ఎంత త్వరగా గ్రహిస్తే ఈ వృత్తిలో అంత ఎక్కువకాలం నిలబడతారు.

మామూలు సముద్రంలో ఏదైనా ఇబ్బంది వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయవచ్చు. గుహలో తల పైన రాయి ఉంటుంది. బయటపడాలంటే ముందు అడ్డంగా ఈదాలి, ఆ తర్వాతే పైకి. పగటి వెలుగు కంటికి ఆనేంతవరకు లోపలికి వెళ్లడం ఒక స్థాయి. దానికి పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ ఇచ్చే కేవర్న్ డైవర్ శిక్షణ ఉంది. 18 ఏళ్లు నిండాలి, వెలుగున్న మేర దాటకూడదు, ఉపరితలం నుంచి లోతూ పొడవూ కలిపి 40 మీటర్లకు మించి వెళ్లకూడదు అని దాని హద్దులు. వెలుగు కనిపించని చోటికి వెళ్తే అది పూర్తి గుహ డైవింగ్, దాని శిక్షణ వేరు, ఖర్చు వేరు. ఫిష్ రాక్ గుహ నడుమ మలుపు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఏ ద్వారం వెలుగూ అందదు. అయినా గుహ శిక్షణ లేని అతిథులు కూడా స్థానిక గైడు వెంట దాన్ని దాటుతుంటారు. అంటే ఆ శిక్షణ మొత్తం గైడుకు ఉండి తీరాలి. నిబంధన ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది ఒక మాట, మీ మనసు ఎంతవరకు ఒప్పుకోవాలన్నది ఇంకో మాట. గుహ శిక్షణ తీసుకోకుండా ఇతరులను గుహలోకి తీసుకెళ్లే పనికి ఒప్పుకోవద్దు, ఎంత జీతమిచ్చినా సరే.

ఈ శిక్షణకు పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు షెక్ ఎక్స్‌లీ. అమెరికాలో ఫ్లోరిడా వాసి, బడిలో లెక్కల మాస్టారు. గుహల్లో పోయిన డైవర్ల మరణాలను ఒక్కొక్కటే తిరగేసి, అవి ఎందుకు జరిగాయో విడదీసి 1979లో చిన్న పుస్తకం రాశాడు. శిక్షణ లేకుండా వెళ్లొద్దు, బయటిదాకా తెగని తాడు ఉండాలి, గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మూడో వంతు ఆపదకు ఉంచాలి, లోతు మీరొద్దు, ఒక్కొక్కరి దగ్గర కనీసం మూడు టార్చిలుండాలి. నేటికీ గుహ డైవింగ్ బోధన ఈ ఐదింటి చుట్టూనే తిరుగుతుంది. ఆయనే 1994లో మెక్సికోలోని జకటోన్ అనే అగాధంలో రికార్డు లోతుకు దిగుతూ చనిపోయాడు. లోతు విషయంలో మనిషి ఆశ ఎంత గట్టిదో ఆ మరణం చూస్తే తెలుస్తుంది. గైడుగా మీరు చూడబోయే అతిథుల్లోనూ ఆ ఆశ ఉంటుంది, కాకపోతే వాళ్లలో అంత అనుభవం ఉండదు.

ఇక గాలి లెక్క. ఈ ఉద్యోగంలో ఇంటర్వ్యూకు వెళ్తే ఇది నోటితో చెప్పగలగాలి, కాగితం అడక్కుండా. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ ఒత్తిడితో గాలి నింపితే మొత్తం 2,400 లీటర్లు. నిమ్మళంగా ఉన్న డైవరు గట్టు మీద నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 24 మీటర్ల లోతున ఒత్తిడి 3.4 రెట్లుంటుంది, కాబట్టి అవే ఊపిరులకు 68 లీటర్లు ఖర్చవుతాయి. అక్కడే కూర్చుంటే అరగంట దాటి ఐదు నిమిషాలకు సిలిండరు ఖాళీ.

ఇప్పుడు గుహ దాటడం చూద్దాం. లోపల సగటు లోతు 18 మీటర్లనుకుంటే ఒత్తిడి 2.8, ఖర్చు నిమిషానికి 56 లీటర్లు. అటూ ఇటూ చూసుకుంటూ దాటడానికి పది నిమిషాలు పట్టిందనుకోండి, 560 లీటర్లు, అంటే 47 బార్. ఇంతేనా అనిపిస్తుంది. కొత్త గైడు ఇక్కడితో లెక్క ఆపేస్తాడు. అనుభవం ఉన్నవాడు ఇంకో ప్రశ్న వేసుకుంటాడు: సరిగ్గా నడిమధ్యలో ఒకరికి గాలి అందకపోతే? ఇద్దరూ ఒకే సిలిండరు మీద బతకాలి. భయంలో ఒక్కొక్కరు 20 బదులు 30 లీటర్లు పీలుస్తారు. ఇద్దరికీ కలిపి ఆ లోతున నిమిషానికి 168 లీటర్లు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఈదితే వేగం తగ్గుతుంది. మిగిలిన 62 మీటర్లకు ఆరు నిమిషాలు పడతాయి. వెయ్యి లీటర్ల పైమాటే, అంటే 84 బార్. ద్వారం బయట 12 మీటర్ల నుంచి పైకి రావాలి, దారిలో 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. దానికి ఇద్దరికీ కలిపి మరో 40 బార్. నడిమధ్యకు చేరడానికి అప్పటికే అయిన 24 బార్ కలుపుకుంటే 148.

కాబట్టి నా లెక్కలో గేజీ 150 బార్ కన్నా తక్కువ చూపిస్తున్న మనిషి ఆ గుహలో అడుగుపెట్టకూడదు. ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. దిగడానికి, ద్వారం ముందు రెండు మూడు నిమిషాలు నిలిచి అందరినీ చూసుకోవడానికి 50 బార్ సరిపోతుంది. అంతకుమించి బయట తిరగడానికి గాలి లేదు. ముందు రాయి చుట్టూ తిరిగే షార్కులను తీరిగ్గా చూసి తర్వాత గుహలోకి పోదాం అని అతిథులు బతిమాలితే ఒప్పుకోకూడదు. గుహకు ఒక డైవ్, షార్కులకు ఇంకో డైవ్. ఊపిరి ఎక్కువ పీల్చే భారీ మనిషికి, మొదటిసారి చలినీళ్లలో దిగినవాడికి ఈ అంకె ఇంకా పెంచాలి. ఈ లెక్కను మీ గుహ కొలతలతో, మీ సిలిండరు సైజుతో మీరే వేసుకోండి. వేరేవాళ్లు చెప్పిన అంకెను బట్టీ పట్టినవాడికి పరిస్థితి మారినప్పుడు ఏం చేయాలో తెలియదు.

లెక్క వచ్చినా మనిషి నోటి నుంచి నిజం రాబట్టడం అంతకన్నా కష్టం. మన తెలుగువాళ్లతో పనిచేసేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మనకు మొహమాటం ఎక్కువ. బోటు మీద గైడు ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తే అర్థం కాకపోయినా తల ఊపుతాం. పక్కన బావమరిది నవ్వుతాడేమోనని భయమేస్తోందని చెప్పం. డబ్బు కట్టేశాం కదా అని జలుబు దాస్తాం. మెడికల్ ఫారంలో ఉబ్బసం ఉందా, బీపీ మందులు వాడుతున్నారా అని ఉంటే అన్నింటికీ లేదు లేదు అని టిక్కులు పెట్టేస్తాం. గట్టు మీద ఇవన్నీ మర్యాదలే. నీళ్లలో, అందులోనూ గుహలో, ఇవే ప్రాణాల మీదికి తెస్తాయి. ముక్కు మూసుకుపోయిన మనిషికి చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు. అతను గుహ మధ్యలో చెవి పట్టుకుంటే అప్పుడు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే బ్రీఫింగ్ అయ్యాక అర్థమైందా అని అడగవద్దు. మీరేం చేయబోతున్నారో నాకు చెప్పండి అని అడగండి. టార్చి ఆరిపోతే ఏం చేస్తారు? 100 బార్‌కు వస్తే నాకు ఎలా చెబుతారు? జంటలో ఒకరు కనబడకపోతే? తప్పు చెబితే నవ్వకుండా మళ్లీ చెప్పండి. ఇంకో పద్ధతి, అందరి ముందూ అడగకుండా గేర్ సరిచేసే నెపంతో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, రాత్రి నిద్ర పట్టిందా అండీ అని మెల్లగా కదపండి. భయపడ్డ మనిషి అక్కడ బయటపడతాడు. వయసులో పెద్దవాళ్లయితే నాన్నగారూ, అమ్మా అని పిలిచి అడిగితే తడుముకోకుండా చెప్పేస్తారు. తెలుగు వచ్చిన గైడు అండమాన్‌లో ఎందుకు అంత అవసరమో ఇక్కడే అర్థమవుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో పేరు మారిన ఇప్పటి శ్రీవిజయపురంలో, తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. మన రాష్ట్రాల నుంచి వచ్చే పర్యాటకులూ తక్కువేం కాదు. జాగ్రత్తలు మాతృభాషలో విన్నవాడు నీళ్లలో వాటిని గుర్తుతెచ్చుకుంటాడు.

గుహ ముఖం దగ్గర ఎవరినైనా ఆపాల్సి వస్తే ఏం చేయాలన్నది కూడా ముందే చెప్పి ఉంచండి. ఒకరిని ఆపితే వాళ్ల జంట కూడా ఆగాలి. ఆ ఇద్దరినీ రెండో గైడు వెంట రాతి చుట్టూ తిప్పి రెండో ద్వారం దగ్గరికి తేవాలి. రెండో గైడు లేకపోతే గుహ మొత్తంగా మానుకోవాలి. ఇది బోటెక్కక ముందే అందరికీ తెలిసి ఉంటే, నీళ్లలో ఆపినప్పుడు ఎవరికీ చిన్నతనం అనిపించదు.

ఇప్పుడు లోపల ఏముంటుందో చూద్దాం. అతిథులు డబ్బు పెట్టేది దీని కోసమే. గైడుకు జీవుల పరిచయం లేకపోతే అది డబ్బు తీసుకుని చీకటి చూపించడమే అవుతుంది. ద్వారం దగ్గర వెలుగు ఇంకా ఉంటుంది. అక్కడ రాగిరంగు బుల్‌సై చేపలు వందలుగా గుంపు కట్టి నిలబడతాయి. పెద్ద కళ్లు. పగలంతా గుహ నీడలో దాక్కుని రాత్రి బయటికి పోయి నీటిలో తేలే సన్నజీవుల్ని తినే చేపలవి. డైవరు దగ్గరికి వస్తే గుంపు రెండుగా చీలి దారి ఇచ్చి, వెనకాల మళ్లీ కలిసిపోతుంది. దీన్ని చూసి అతిథి ఆగిపోతాడు. ఆగనివ్వండి. ఊపిరి నెమ్మదిస్తుంది, గాలి ఆదా అవుతుంది, చీకటికి కళ్లు అలవాటు పడతాయి.

కొంచెం లోపలికి వెళ్లేసరికి నాచు కనబడదు. వెలుగు లేనిచోట మొక్కలకు పని లేదు. అక్కడి నుంచి గోడలన్నీ జంతువులవే: స్పాంజీలు, మెత్తటి పగడాలు, అంటుకుని బతికే రకరకాల జీవులు. ఇవన్నీ అలలు మోసుకొచ్చే తిండిని నీటిలోంచి వడపోసుకుని బతుకుతాయి. పది మీటర్ల లోతు దాటేసరికి సూర్యకాంతిలోని ఎరుపు దాదాపు ఇంకిపోతుంది. టార్చి లేకపోతే ఈ గోడ బూడిద రంగులో ఉంటుంది. టార్చి వేయగానే ఎరుపు, నారింజ, పసుపు ఒక్కసారిగా లేస్తాయి. పగుళ్లలో లాబ్‌స్టర్ల మీసాలు కదులుతుంటాయి, బండ సందుల్లోంచి మోరే మలుగు నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అది బెదిరింపు కాదు, మొప్పల మీదుగా నీరు పోనిచ్చి ఊపిరి పీల్చుకుంటోంది. ఈ ఒక్క మాట బోటు మీద చెప్పి ఉంచితే లోపల ఒకరి గుండెదడ తగ్గుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది నేల. అక్కడ వొబ్బెగాంగ్ అనే షార్కు పడుకుని ఉంటుంది. చాపలా చదునుగా, గోధుమరంగు మచ్చలతో, నోటి చుట్టూ చిన్న చిన్న తోలుముక్కల అంచుతో ఉంటుంది. ఆ అంచు అచ్చం నాచులాగే కదులుతుంది. టార్చి వెలుగు నేరుగా దాని మీద పడ్డా చాలామందికి రాయే కనబడుతుంది. అది వేటాడే తీరే అంత. కదలకుండా పడుకుని, చేప నోటి ముందుకు వచ్చినప్పుడు ఒక్క ఉదుటున పట్టేస్తుంది. మనిషి జోలికి రాదు. అయితే మీద చెయ్యి వేసినా, తోక తొక్కినా వెనక్కి తిరిగి కరుస్తుంది, కరిస్తే తొందరగా వదలదు. గుహలో అలల ఊపుకు తూలిన డైవరు సహజంగా చెయ్యి కింద పెట్టబోతాడు. గైడు టార్చి అప్పటికే ఆ చెయ్యి పడబోయే చోట ఉండాలి. చేతులు ఛాతీకి ఆనించి మడిచి పెట్టుకోమని బోటు మీద అందరితో సాధన చేయించండి. పక్కనే ఇసుకలో టేకు చేపలు కూడా సగం కప్పుకుని పడుకుంటాయి.

ఇదే గుహలో ఉండే గ్రూపర్ జాతి చేప బ్లాక్ కాడ్‌కు న్యూ సౌత్ వేల్స్‌లో చట్టరక్షణ ఉంది. ఆడగా పుట్టి, పెద్దయ్యాక కొన్ని మగగా మారతాయి. దాన్ని పట్టడం నేరం. ఇలాంటి వివరాలు తెలిసిన గైడు దగ్గరికి అతిథులు రెండోసారి వస్తారు, ఇంకో నలుగురికి చెబుతారు.

గ్రే నర్స్ షార్క్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఫిష్ రాక్‌కు పేరొచ్చింది దాని వల్ల. మూడు మీటర్ల పైన పెరుగుతుంది. నోరు మూసినా పళ్లు బయటికి పొడుచుకొస్తూ కనబడతాయి. ఆ రూపం చూసే గత శతాబ్దంలో మనుషుల్ని తింటుందని నమ్మి ఈటె తుపాకులతో కోలుకోలేనంతగా చంపేశారు. నిజానికి అది చేపల్ని తిని బతికే నెమ్మదైన జీవి. తల్లి కడుపులో రెండు గర్భకోశాలుంటాయి. ఒక్కోదానిలో మొదట పెరిగిన పిల్ల తక్కినవాటిని తినేస్తుంది. అందుకే కాన్పుకు రెండే పిల్లలు, అదీ రెండేళ్లకోసారి. ఇంత నిదానంగా పెరిగే జాతి ఒకసారి దెబ్బతింటే తేరుకోవడానికి తరాలు పడుతుంది. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 1984లో దాన్ని రక్షిత జీవిగా ప్రకటించింది. ప్రపంచంలో చట్టరక్షణ పొందిన మొదటి షార్కు ఇదే. తూర్పు ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అంతరించిపోయే అంచునే ఉంది. ఫిష్ రాక్ దానికి కీలక ఆవాసం.

కాబట్టి అక్కడ గైడు కొలువంటే కాపలా పని కూడా. షార్కును తాకకూడదు, తరమకూడదు, తిండి పెట్టకూడదు, అది తిరిగే రాతి కాలువకు గానీ గుహ ముఖానికి గానీ అడ్డంగా నిలవకూడదు. నీటి కింద నడిచే మోటారు స్కూటర్లు వాడకూడదు. అతిథి ఫోటో కోసం ఇంకొంచెం ముందుకు జరుగుతుంటే చెయ్యి పట్టి వెనక్కి లాగే ధైర్యం మీకుండాలి. చిప్స్ ప్యాకెట్ డబ్బులు కూడా టిప్పుగా రాకపోవచ్చు ఆ రోజు. ఫరవాలేదు. ఆ షార్కు రేపు ఆ కాలువలో ఉంటేనే మీకు ఎల్లుండి పని ఉంటుంది, దానికి బతికే హక్కు మన పనితో సంబంధం లేకుండానే ఉంది.

లోపల మెలగడానికి సంబంధించి కొన్ని సంగతులు. కాళ్లు పైకీ కిందికీ ఊపి ఈదితే నేలమీది బురద లేచి చూపు పోతుంది. కప్ప ఈదినట్టు పక్కలకు తన్నడం నేర్చుకోవాలి, తర్వాత నేర్పాలి. టార్చిని గుండ్రంగా తిప్పితే అంతా బాగుందని, అడ్డంగా వేగంగా ఊపితే ఆపద అని అర్థం. టార్చి ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదు. బస్సు కండక్టరు టికెట్లు కొట్టేటప్పుడు తలలు లెక్కపెట్టుకున్నట్టు గైడు ప్రతి మలుపు దగ్గరా వెలుగులు లెక్కపెట్టుకోవాలి. లోతు తక్కువున్న ద్వారం దగ్గర అలల తోపుడు ఎక్కువ. బయటికి తోసినప్పుడు ఈదాలి, లోపలికి లాగినప్పుడు ఆగాలి. గుహలో ఒకచోట కప్పు కింద డైవర్లు వదిలిన గాలి చేరి నిలిచి ఉంటుంది. తల పైకెత్తితే నీళ్లు లేని చోటు దొరికిందని కొత్తవాళ్లు సంబరపడి నోట్లోంచి రెగ్యులేటరు తీయబోతారు. అది ఎందరో పీల్చి వదిలిన గాలి, దాన్ని నమ్ముకుని ఊపిరి పీల్చకూడదు. తీయొద్దని బోటు మీదే గట్టిగా చెప్పాలి.

ఇక మెట్ల సంగతి. పాడీ పద్ధతి చెబుతాను. ఎస్‌ఎస్‌ఐ లాంటి ఇతర సంస్థల దారి కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మొదటిది ఓపెన్ వాటర్, 18 మీటర్ల వరకు. తర్వాత అడ్వాన్స్‌డ్, 30 మీటర్ల వరకు. ఆ తర్వాత రెస్క్యూ కోర్సు. నా దృష్టిలో మనిషి మారేది ఇక్కడే, అప్పటిదాకా తన గురించే చూసుకున్నవాడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడం మొదలుపెడతాడు. డైవ్‌మాస్టర్ దగ్గరికి వస్తే వృత్తిలోకి వచ్చినట్టు. 18 ఏళ్లు నిండాలి, 40 డైవ్‌ల అనుభవంతో మొదలుపెట్టి 60తో పూర్తి చేయాలి. 400 మీటర్ల ఈత, 15 నిమిషాలు నీళ్లలో తేలి ఉండడం, అలసిన డైవర్‌ను 100 మీటర్లు లాక్కురావడం లాంటి పరీక్షలుంటాయి. ఏడాదిలోపు తీసుకున్న డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవాలంటే 100 డైవ్‌లు ఉండాలి. ఈ అంకెలన్నీ కనీసాలు. 60 డైవ్‌లతో డైవ్‌మాస్టర్ అయినవాడు అతిథులను గుహలోకి తీసుకెళ్లడానికి ఇంకా చాలా దూరంలో ఉంటాడు. లాగ్‌బుక్కులో రకరకాల నీళ్లు ఉండాలి: చూపు తక్కువున్న నీళ్లు, చలినీళ్లు, ప్రవాహం, రాత్రి. విశాఖ తీరంలో చూపు సరిగా ఆనని రోజులుంటాయి. అలాంటి రోజుల్లో దిగి నేర్చుకున్నది ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇక్కడ ఒక పెద్ద బలం ఉంది, దాన్ని వాళ్లే తక్కువ అంచనా వేస్తున్నారు. గాలి మళ్లితే అల ఎలా మారుతుందో, ఆకాశం ఏ రంగుకు తిరిగితే ఒడ్డుకు రావాలో వాళ్లకు చిన్నప్పుడే తెలుసు. ఫిష్ రాక్‌కు వెళ్లే బోట్లు మక్లే నది సముద్రంలో కలిసే చోట ఇసుకమేట మీదుగా దాటాలి. మన గోదావరి, కృష్ణా తీరాల్లో మొగ అంటామే, అదే. మొగ దాటించడం తెలిసినవాడికి ప్రపంచంలో ఏ డైవ్ బోటు మీదైనా విలువ ఉంటుంది. వాళ్లకు లేనిది కాగితం, ఇంగ్లీషు. రెండూ నేర్చుకోదగినవే. పదో తరగతి తర్వాత బోటు నడిపే లైసెన్సు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్, ఓపెన్ వాటర్ ఈ మూడూ ముందు సంపాదించమని చెబుతాను.

జీతం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే మనసు విరిగిపోతుంది. పనిలో సగం నీళ్లలో ఉండదు. ఒక్కోటి 15 కిలోలకు తగ్గని సిలిండర్లు మోయాలి, కంప్రెసరు దగ్గర గాలి నింపాలి, సూట్లు మంచినీళ్లలో కడిగి ఆరేయాలి, ఓ-రింగులు మార్చాలి. అండమాన్‌లో సీజను అక్టోబరు నుంచి మే దాకా. వానాకాలంలో చాలాచోట్ల పని ఆగిపోతుంది. ఆ నాలుగు నెలలు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. కొందరు మరమ్మతు పని నేర్చుకుంటారు, కొందరు నీటి కింద ఫోటో, వీడియో తీయడం. సముద్ర జీవశాస్త్రం చదివినవాళ్లకు డైవింగ్ ఉంటే పరిశోధన ప్రాజెక్టుల్లో అవకాశాలుంటాయి. విశాఖలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఉద్యోగం మానేసి దూకేముందు కనీసం ఒక సీజను సెలవు పెట్టి పనిచేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడానికి కూడా అదే మంచి దారి. ఒక్క సీజను చూసొస్తానండీ అంటే కాదనరు, ఉద్యోగం మానేస్తున్నా అంటే ఇల్లు దద్దరిల్లుతుంది.

ఆస్ట్రేలియా వైపు చూసేవాళ్లకు రెండు మాటలు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు నడుస్తున్నప్పుడు రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలి. డైవ్ బోటు పని తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా సాగుతుంది, గంటలు తెలియకుండానే దాటిపోతాయి, రాసిపెట్టుకోండి. 2024 నుంచి 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసా కూడా వచ్చింది. ఏటా 1,000 మందికి, లాటరీ పద్ధతిలో. నిర్ణీత స్థాయి చదువు, ఇంగ్లీషు చూపించాలి, ఒక యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి చేయకూడదు. అక్కడ డైవింగ్ పనికి ప్రత్యేక వైద్య పరీక్ష ఉంటుంది, మన దగ్గరి సర్టిఫికెట్ చాలదు. దరఖాస్తుకు ముందు అప్పటికున్న నిబంధనలు అధికారిక వెబ్‌సైటులో చూసుకోండి, ఏజెంటు మాట మీద వెళ్లవద్దు.

ఒంటిని కాపాడుకోవడం ఈ వృత్తిలో పెట్టుబడి. జలుబు ఉంటే దిగకూడదు, జీతం కోసినా సరే. చెవి ఒకసారి పాడైతే జీతం శాశ్వతంగా పోతుంది. రోజుకు నాలుగైదు డైవ్‌లు చేయించే సెంటర్లలో రక్తంలో కరిగే నైట్రోజన్ పేరుకుంటూ పోతుంది, కీళ్లనొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి వస్తే నిద్రలేమి అనుకుని సర్దుకుపోవద్దు, వెంటనే ఆక్సిజన్ పెట్టుకుని డాక్టరును కలవాలి. విమానం సంగతి వారాంతానికి అండమాన్ వెళ్లొచ్చే ఉద్యోగులు కూడా గుర్తుంచుకోవాలి: ఒకే డైవ్ అయితే 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. సోమవారం ఆఫీసుంది కదా అని ఆదివారం మధ్యాహ్నం మునిగి సాయంత్రం ఎక్కేవాళ్లను ఆపాల్సింది గైడే. డైవింగ్ ప్రమాదాలకు వర్తించే బీమా వేరుగా తీసుకోవాలి. మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో సాహస క్రీడలు తరచూ మినహాయింపుగా ఉంటాయి, పాలసీ కాగితం చదివి తేల్చుకోండి.

చివరగా, ఏ డైవ్ సెంటరులోనైనా చేరేముందు యజమానిని నేరుగా అడగాల్సినవి ఉన్నాయి. ఒక్కో గైడుకు ఎందరు అతిథులు? గుహ అయితే ఎందరు? బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు? కంప్రెసరు గాలిని పరీక్ష చేయిస్తున్నారా? దగ్గర్లో ఒత్తిడి చికిత్స చేసే చాంబర్ ఎక్కడుంది, అక్కడికి ఎంతసేపు? సీజను కాని నెలల్లో జీతం ఎంత? నా బీమా ఎవరు కడతారు? అన్నిటికన్నా ముఖ్యంగా, సముద్రం బాగాలేదనిపించినా, అతిథి సిద్ధంగా లేడనిపించినా డైవ్ రద్దు చేసే అధికారం నాకుంటుందా, ఆ రోజు డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తే నా జీతంలో కోస్తారా? ఈ చివరి ప్రశ్నకు ఆయన నసిగితే, ఎంత మంచి బీచ్‌లో ఉన్న సెంటరైనా, దండం పెట్టి వచ్చేసి ఇంకోటి చూసుకోండి.